ఆవిడ మైకులో పడ్డ బేసు

బేసు గిటారు వాయించేవాడు కూరలో ఉప్పులాంటివాడు. ఉన్నంతసేపూ ఉన్నాడని ఎవరూ అనరు, లేనిరోజున మాత్రం మొదటి ముద్దకే తెలిసిపోతుంది. పాడేవాళ్లకి చప్పట్లు, డ్రమ్ములవాడికి ఈలలు, లీడ్ గిటారు వాయించే జులపాలవాడికి అమ్మాయిల చీటీలు అందుతాయి. బేసువాడికి దక్కేది బాక్సు మోత. బృందం మొత్తంలో బరువైన స్పీకరు బాక్సు వాడిదే కదా మరి.

మూలాయన అలాంటి బేసువాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని వాడి అరగదీసినవాళ్లెవరూ లేరు. ఆర్కెస్ట్రా రోజుల్లో వేదిక మీద ఎప్పుడూ ఒక మూలన నిలబడి, తల దించుకుని, తీగల వంకే చూస్తూ వాయించేవాడు కాబట్టి బ్యాండు మాస్టరు ఆ పేరు తగిలించాడు. తగిలించిన మాస్టరు పోయాడు, ఆర్కెస్ట్రా పోయింది, పేరు మాత్రం బంకలా అతుక్కుని ఉండిపోయింది.

నోట్లో నాలుక లేని మనిషి. ఆ బృందంలో పాడే అమ్మాయి ఒకతె ఉండేది. ఆవిణ్ని మాస్టరు దగ్గర్నుంచి లైట్లు బిగించేవాడి దాకా అందరూ "చెల్లెమ్మా" అని పిలిచేవారు. మూలాయన ఒక్కడే అలా పిలవలేదు. పిలవడానికి నోరు రాలేదు, ఎందుకు రాలేదో చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పోనీ పేరు పెట్టి పిలవొచ్చు కదా? అదీ చేతకాలేదు. ఆమెతో ఏదైనా చెప్పాల్సి వస్తే వెనకనుంచి చిన్నగా దగ్గేవాడు. ఆమె తిరిగి "ఏంటి?" అనేది. "శ్రుతి సరిపోయిందా?" అనో, "తాళం కొంచెం నెమ్మది చేయమంటారా?" అనో అడిగి మళ్లీ తల దించుకునేవాడు. చెప్పాల్సిన అసలు మాట గొంతులోనే ఉండిపోయేది. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకుని పాట మానేసింది. అతను పెళ్లీ చేసుకోలేదు, ఇంకే బృందంలోనూ చేరలేదు.

నీళ్ల పంపుల స్టేషన్‌లో పనికి కుదిరాడు. మోటార్ల మోత మధ్య ఏ బేరింగు అరుగుతోందో చెవితో పట్టేవాడని అక్కడ కాస్త పేరుండేది. రిటైరయ్యాక ఒక లాండ్రీ దుకాణం మీద ఒంటి గది అద్దెకు తీసుకున్నాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక స్టవ్వు, గోడకి ఆనించిన గిటారు. కుర్చీ ఒక్కటే ఎందుకంటే రెండోదానిలో కూర్చోవడానికి ఎవరూ రారు. బాక్సు ఎప్పుడో అమ్మేశాడు. సాయంత్రాలు గిటారు ఒళ్లో పెట్టుకుని, దాని పైకొమ్ముకి దవడ ఆనించి వాయించుకునేవాడు. అలా ఆనిస్తే కరెంటు లేకపోయినా తీగ అదురు చెక్కలోంచి ఎముకలోకి ఎక్కి చెవికి చేరుతుంది. పక్కనున్నవాడికి చీమ నడిచినంత చప్పుడు కూడా వినపడదు. అందుకే ఆ మేడలో ఎవరికీ అతను వాద్యగాడని తెలియదు. తెలిసినవాడు కింద లాండ్రీవాడు ఒక్కడే, అదీ ఒకసారి గది తలుపు తీసి ఉన్నప్పుడు చూసి, పంటి నొప్పేమోనని పరామర్శించబోయి తెలుసుకున్నాడు.

ఇలా వెళ్లిపోతున్న రోజుల్లో ఒక ఉదయం ఆ గది తలుపు ఎవరో తట్టారు.

వచ్చింది ఒక నడివయసు మనిషి. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుందట, మెడలో ఇంకా దుకాణం కార్డు వేలాడుతోంది. గుమ్మంలోనే ఆగి, అతని మొహంలోకి కాసేపు చూసి, "మూలాయన గారంటే మీరేనా?" అంది.

అతను తల ఊపాడు.

"నేను చెల్లెమ్మ కూతుర్ని. మీరంతా అమ్మని అలాగే పిలిచేవారటగా. అంటే మీరు నాకు మావయ్య అవుతారు!"

ఆ వరస వినగానే మూలాయనకి ఎక్కడో చురుక్కుమంది. ఇన్నేళ్లు నోరు కట్టుకుని తప్పించుకున్న వరసని ఈ పిల్ల గుమ్మంలోనే చేతిలో పెట్టింది. కాదనడానికి ఏం కారణం చెబుతాడు? "ఊఁ, లోపలికి రా అమ్మా," అని ఉన్న ఒక్క కుర్చీ ఆమెకిచ్చి తను మంచం మీద కూర్చున్నాడు.

"అమ్మ ఎలా ఉంది?" అని అడిగాడు.

"అమ్మ పోయి ఏడాది కావస్తోంది, మావయ్యా."

కింద లాండ్రీవాడి ఆవిరి యంత్రం బుస్సుమంటోంది. ఆమె పోయిందని తెలియకుండానే తను ఏడాది పొడుగునా అన్నం వండుకుని తిన్నాడు, పేపరు చదువుకున్నాడు. ఎవరు చెబుతారు గనక తనకి? తనెవరని చెబుతారు? ఆ ఆలోచన పోయిన మనిషి మీద దుఃఖం కంటే ముందు వచ్చి, లోపల చేదుగా నిలబడింది.

"మిమ్మల్ని వెతకడానికి చాలా తిరిగాను," అంది కూతురు. "అమ్మ పాట ఒక్కటే మిగిలింది. మీ మాస్టరు గారింట్లో పాత టేపు దొరికింది. మీరంతా ఒక హాల్లో చేరి రికార్డు చేసింది. వినండి."

ఫోను నొక్కింది. ముందు గుర్రుమని పెద్ద హమ్, ఆ హమ్ మధ్యలోంచి ఆమె గొంతు. మూలాయన చూపు నేల మీదికి వాలిపోయింది. ఆ టేపు మాస్టరు దగ్గరే ఉండిపోవడంతో రికార్డు చేసిన రోజు తర్వాత అతను దాన్ని మళ్లీ వినలేదు. పల్లవి, మొదటి చరణం అయ్యాయి, అక్కడ ఎవరిదో చిన్న దగ్గు, ఆ వెంటనే బేసు స్వరం ఒకటి మిగతావాటికంటే ఖణేల్‌మని పైకి లేచింది. మూలాయన చెవులు వేడెక్కాయి.

ఆ స్వరం సంగతి చెప్పాలి. రికార్డింగయ్యాక మాస్టరు అందరినీ కూర్చోబెట్టి టేపు వినిపించాడు. అది రాగానే అందరి ముందూ లేచి, "ఒరేయ్, అంతసేపూ ఒద్దికగా వాయించి ఆ ఒక్కటీ ఎందుకంత గట్టిగా కొట్టావురా? పాట మధ్యలో ఎవడో తలుపు తీసినట్టుంది!" అని కేకలేశాడు. మూలాయనకి తల కొట్టేసినట్టయింది. ఆమె ఎదురుగానే ఉంది. ఆ రోజు రికార్డింగ్ అయ్యాక ఆమెతో మాట్లాడాలని, ఈసారి శ్రుతి గురించి కాకుండా అసలు మాటే మాట్లాడాలని, ఎన్నో రోజులుగా కూడబలుక్కుని వచ్చాడు. ఒక్క పాటని సరిగ్గా వాయించలేని మొహం పెట్టుకుని ఏమని అడుగుతాడు? బాక్సు భుజానికెత్తుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఆమెకి సంబంధం కుదిరింది. అప్పట్నుంచి ఈనాటి దాకా ఆ స్వరమే తన బతుకుని చెడగొట్టిందని మూలాయన నమ్మకం.

"ఈ హమ్ తీసేస్తే దాంతోపాటు మీ బేసు కూడా పోతోంది, మావయ్యా," అంటోంది కూతురు. "రెండూ ఒకే మంద్రస్థాయిలో ఉన్నాయట. టేపు బాగుచేస్తున్న రికార్డిస్టు కీబోర్డు మీద బేసు పెట్టి చూశాడు. అమ్మ గొంతు కత్తిరించి అతికించినట్టుంది. నాకొద్దన్నాను. మళ్లీ మీరే వాయించాలి, అచ్చం అప్పట్లాగే వినపడాలి. ఆదివారం చుట్టాలందరం కలుస్తున్నాం, వాళ్లకి వినిపించాలి. కుదరకపోతే ఇక కీబోర్డుతోనే..."

మూలాయనకి విషయం అర్థమైంది. లోకంలో తనూ ఆమె కలిసి ఉన్న చోటు ఆ పాట ఒక్కటే. అందులోంచి కూడా తను పోబోతున్నాడు.

"వాయిస్తానమ్మా," అన్నాడు.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఆమె నవ్వింది. "ఆర్కెస్ట్రాలో ఒకాయన దగ్గితే చాలు, పిలుస్తున్నాడని తెలిసి తిరిగేదాన్నని అమ్మ చెప్పేది. అది మీరు కాదు కదా?"

మూలాయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబని ఆమెకి తోచిందో లేదో మరి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇక చూడండి ఆయనగారి హడావిడి. పెళ్లిచూపులకి వెళ్లేవాడు గడ్డం గీసుకున్నట్టు గిటారుని ముస్తాబు చేయడం మొదలుపెట్టాడు. చెక్కని తడిగుడ్డతో తుడిచాడు, పొడిగుడ్డతో రుద్దాడు. తీగలు విప్పి, అన్నం వండుకునే గిన్నెలోనే వేసి సలసలా మరిగించాడు. బేసు వాయించేవాళ్లు మొద్దుబారిన తీగల్ని అలా మరిగించి మళ్లీ బతికిస్తారు. నల్లటి మడ్డి గిన్నె పైకి తేలుతుంటే, ఇన్నేళ్ల దరిద్రం వదులుతోందని మురిసిపోయాడు. తీగల కొసన, వాటి కింద ఇరికించి ఉన్న రబ్బరు ముక్కని పీకాడు. అది ఒకప్పుడు మాస్టరు తెగిన చెప్పు అడుగు కోసి పెట్టింది, తీగ మోత మరీ సాగకుండా. చేతిలోకి రాగానే పొడిపొడిగా రాలింది. ఛీ అనుకుని ఊడ్చి పారేశాడు, కొత్త స్పాంజి ముక్క పెట్టాడు.

తళతళలాడే గిటారు భుజాన వేసుకుని దిగుతుంటే లాండ్రీవాడు ఇస్త్రీ ఆపి చూశాడు. "బాగానే మెరుస్తోంది గానీ, ఇల్లలకగానే పండగ కాదు మూలాయనా!" అన్నాడు. మనవాడు పట్టించుకోలేదు.

రికార్డిస్టు స్టూడియో అంటే ఒక ఫర్నిచరు దుకాణం వెనక గోడౌను. గోడల నిండా పాత బొంతలు వేలాడదీసి ఉన్నాయి, వాటి దుమ్ముకి ముక్కు మండిపోతుంది. రికార్డిస్టు భారీ మనిషి, మెడలో హెడ్‌ఫోన్లు, ఒంట్లో ఓపిక. మూలాయన నాలుగు స్వరాలు వాయించగానే చెయ్యెత్తి ఆపేశాడు.

"మాస్టారూ, ఈ గిటారు పాతదేనా? నిన్న కొన్నట్టుందే!"

"శుభ్రం చేశాను. తీగలు మరిగించాను," అన్నాడు మూలాయన కాస్త గర్వంగానే.

రికార్డిస్టు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారు! ఆ మురికే మాస్టారూ సౌండు! ఇన్నేళ్ల చెమటా జిడ్డూ పట్టి తీగ మూగబోతేనే ఆ మెత్తదనం వస్తుంది. మీరు దాన్ని ఉడకబెట్టి పారబోశారు!"

తన గొప్ప సంబరంలో, ఆమె పక్కన నిలబడ్డ రోజుల చెమటని తనే కడిగేసుకున్నాడు. వేరెవడైనా చేసుంటే తిట్టడానికి ఒకడుండేవాడు. దారంతా తన మీద తనే పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చాడు.

పోయిన మురికిని తిరిగి తెచ్చుకోవడం ఎలా? దానికి పుస్తకాలు లేవు. తలకి రాసుకునే నూనె వేళ్లకి పూసుకుని పొద్దస్తమానం వాయించాడు. ఆ నూనె మీద స్టవ్వు మసి అద్దాడు, మళ్లీ వాయించాడు. చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నాడు, తిన్న చేతుల్తోనే మళ్లీ తీగలు పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట పట్టేదాకా కిటికీ మూసుకుని కూర్చున్నాడు. అలా ఉన్నప్పుడే కిందికి వెళ్లి లాండ్రీవాడి ముందు నిలబడ్డాడు.

"నీ దగ్గర పాత చెప్పు ఉందా?"

"ఎవరైనా చెప్పు చూపిస్తే పారిపోతారు. అడిగి తీసుకెళ్లేవాణ్ని నిన్నే చూశాను," అంటూనే లాండ్రీవాడు బల్ల కింద వెతికి, మడమ దగ్గర అరిగి పల్చబడ్డ జోడు ఒకటి తీసిచ్చాడు. "ఇంతకీ ఎవరి కోసం ఈ పాట్లు?"

"ఒక పాట కోసం."

"పాట కోసం ఎవరూ చెప్పులు అడగరు," అన్నాడు లాండ్రీవాడు. ఇంకేమీ గుచ్చలేదు, మంచివాడు.

శనివారం మధ్యాహ్నం మళ్లీ గోడౌనుకి వెళ్లాడు. మరునాడే చుట్టాలు కలిసేది. ఈసారి రికార్డిస్టు కళ్లు మూసుకుని విన్నాడు, పాత టేపు విన్నాడు, మళ్లీ ఇతన్ని విన్నాడు.

"తీగ కుదిరింది. అయినా ఏదో తేడా ఉంది మాస్టారూ. మీరు వాయించేది నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. టేపులోది పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టుంది."

గిటారుని నేరుగా మిషనుకి కలపడం మానేసి, ఒక స్పీకరు బాక్సు తెచ్చి, దాని ముందు మైకు పెట్టాడు. బాక్సు మీద బొంత కప్పాడు. గొంతు నొక్కినట్టుంది. బొంత తీసి కుర్చీకి కోటు తగిలించి అడ్డం పెట్టాడు. కొంచెం దగ్గరికొచ్చింది గానీ, ఇంకా అది కాదు. మూలాయనకి భయం పట్టుకుంది. కీబోర్డు పక్కనే బల్ల మీద ఉంది, మీట నొక్కితే పలకడానికి సిద్ధంగా.

"ఆ రోజు ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తుందా?" అన్నాడు రికార్డిస్టు చివరికి.

గుర్తులేకపోవడమేమిటి! మూలాయన సుద్దముక్క అడిగి తీసుకుని నేల మీద గీశాడు. ఇక్కడ డ్రమ్ములు, ఇక్కడ లీడ్ గిటారు, ఇక్కడ మాస్టరు. ఆ హాలు వేదిక ఇరుకు, మూలన చోటు లేక ఆ ఒక్కరోజూ తన బాక్సు సరిగ్గా ఆమె వెనకాలే పెట్టారు. బాక్సు పక్కన తను. ముందు ఆమె, ఆమె ముందు ఆమె మైకు.

"మీ బాక్సు మైకు ఎక్కడ?"

"నాకు మైకు లేదు. మైకులు చాల్లేదు. బేసుకి మైకెందుకు, అది నేలలోంచి ఎలాగూ వినపడుతుంది అన్నాడు మాస్టరు."

రికార్డిస్టు సుద్దగీతల వంక కాసేపు చూశాడు. "మైకు లేకపోతే మీరు టేపులోకి ఎలా వచ్చారు?"

మూలాయన కూడా ఆ గీతల వంక చూశాడు. తన బాక్సు నుంచి ఆమె మైకు దాకా ఒక్కటే దారి. ఆ దారిలో ఆమె నిలబడి ఉంది.

"ఆవిడ మైకులోంచి," అన్నాడు మెల్లగా.

"అదీ సంగతి! మీ బేసుకి అడ్డం బొంత కాదు, కోటూ కాదు. మనిషి!"

ఇన్నేళ్లూ తన తీగలదీ తన వేళ్లదీ అనుకున్న ఆ మెత్తదనం ఆమెదట. తన ప్రతి స్వరం ఆమె ఒంటిని చుట్టుకుని, ఆమెని దాటుకునే ఆ టేపులోకి వెళ్లిందట. తాకడం మాట దేవుడెరుగు, పేరైనా పెట్టి పిలవలేనివాడికి ఆ సంగతి ఇప్పుడు తెలిస్తే ఎలా ఉంటుంది? మూలాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

ముందు రికార్డిస్టే బాక్సు ముందు నిలబడ్డాడు. భారీ మనిషి కావడంతో బేసు మొత్తం మింగేశాడు. "నేను పనికిరాను, గోడలా ఉన్నాను," అని తనే నవ్వుకుని, కూతురికి ఫోను చేశాడు. ఆమె దుకాణం నుంచి ఉన్నపళంగా వచ్చింది. సుద్దతో గీసిన చోట, మైకుకి ఎదురుగా, బాక్సుకి వీపు పెట్టి నిలబెట్టారు.

"అమ్మ బట్టలు నాకు సరిగ్గా సరిపోయేవి," అంది ఆమె. "ఇప్పుడు చోటు కూడా సరిపోతుందేమో."

మూలాయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అందులో హమ్ తీసేసి శుభ్రం చేసిన వాళ్లమ్మ గొంతు, చుట్టూ ఏ మోతా లేకుండా, చెవి పక్కనే పాడుతున్నట్టుంది. వాయించడం మొదలుపెట్టాడు. పల్లవి సగంలోనే రికార్డిస్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. అదే మెత్తదనం, అదే పక్కగది. మొదటి చరణం చివరిదాకా ఏ స్వరానికా స్వరం టేపులోదానితో కలిసిపోయింది, ఆ ఒక్కటి తప్ప.

"అది మాత్రం రాలేదు. టేపులో ఖణేల్‌మంటోంది," అన్నాడు రికార్డిస్టు.

"అది నేను గట్టిగా కొట్టిన తప్పు," అన్నాడు మూలాయన. మొహం అటు తిప్పుకునే అన్నాడు. "వదిలేయండి, పాటకి పట్టిన పీడ వదులుతుంది."

"తప్పయినా ఉండాలి, మావయ్యా," అంది కూతురు వెనక్కి తిరక్కుండానే. "అప్పట్లాగే ఉండాలన్నాను కదా."

గట్టిగా కొట్టాడు. మోత పెరిగింది గానీ ఆ తేటదనం రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు, గోరుతో మీటాడు, తీగ చెక్కకి తగిలి గర్రుమంది. ఎన్నిసార్లు చేసినా అదే తంతు. తను చేశానని ఇన్నేళ్లూ తల దించుకున్న తప్పుని, కావాలని చేద్దామన్నా చేయలేకపోతున్నాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు రికార్డిస్టు. మళ్లీ పల్లవి, మళ్లీ చరణం. ఆ చోటు దగ్గర పడుతుండగా బొంతల దుమ్ము మూలాయన గొంతుకి అడ్డం పడి చిన్న దగ్గు వచ్చింది. ముందు నిలబడ్డ పిల్ల, పెద్దాయనకి ఏమైందోనని సగం పక్కకి జరిగి వెనక్కి తిరిగి చూసింది. అదే క్షణంలో అతని వేలు తీగ మీద పడింది, ఎప్పటిలాగే మెత్తగా.

ఖణేల్‌మంది.

"అదే! అదే!" అని రికార్డిస్టు కుర్చీలోంచి లేచాడు. "మీరు గట్టిగా కొట్టలేదు మాస్టారూ! ఆవిడ పక్కకి తప్పుకుంది, అంతే! అడ్డం తొలగేసరికి సౌండు తిన్నగా మైకులో పడింది."

పాత టేపుని ఆ చోటికి జరిపి వినిపించాడు. అందులోనూ ముందు దగ్గు వినపడింది, దాని వెనకే ఆ స్వరం, ఆ తర్వాత ఆమె రెండో చరణం. అది అర తాళం ఆలస్యంగా మొదలైంది. ఎన్నడూ తాళం తప్పని మనిషి ఆమె.

ఇప్పుడు మూలాయనకి మొత్తం కనపడింది. ఆ రోజు తనకి జలుబు. హాలు తెరల దుమ్ముకి దగ్గు వచ్చింది, అది పిలుపు కాదు. కానీ ఆమెకి తన దగ్గంటే పిలుపే. పాట మధ్యలో, టేపు తిరుగుతుండగా, మాస్టరు చంపేస్తాడని తెలిసి కూడా, ఆమె వెనక్కి తిరిగింది. తిరిగి అర తాళంసేపు చూసింది. ఆమెకి కనపడింది తన నడినెత్తి. ఆ స్వరం దగ్గర ఎడమచెయ్యి గిటారు మెడ మీద కింది మెట్ల నుంచి పై మెట్లకి దూకాలి, చూడకుండా దూకితే తప్పుతుంది. అందుకని తను మెట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. టేపు విన్నప్పుడు మాస్టరు తిట్టాడు, తను నమ్మాడు. తప్పు చేసిన మొహంతో మాట్లాడలేనని వెళ్లిపోయాడు. జరిగిన తప్పు ఒకటైతే తను ఇన్నేళ్లూ ఇంకోదానికి సిగ్గుపడ్డాడు.

"మావయ్యా, ఏమైంది?" అంది కూతురు.

"ఏం లేదమ్మా. దుమ్ము," అన్నాడు.

రికార్డిస్టు ఇవేమీ గమనించకుండా తన పనిలో తానున్నాడు. "ఇక పాట మొత్తం ఒకే టేకులో రికార్డు చేసేద్దాం. అమ్మా, ఆ చోట నేను చెయ్యి ఊపగానే మీరు ఇందాకటిలాగే తిరగండి. అన్నట్టు మాస్టారూ, టేపులో ఆ దగ్గు ఉంచాలా, తీసేయనా? ఒక్క నిమిషం పని."

"ఉంచండి," అన్నాడు మూలాయన వెంటనే. "అది నాదే."

కూతురు అతని వంక చూసింది. ఈసారి ఆమెకి తోచినట్టే ఉంది. ఏమీ అడగకుండా వెళ్లి సుద్దగీత మీద నిలబడింది.

పాట మొదలైంది. పల్లవి, మొదటి చరణం, చెవిలో పాత దగ్గు. ఆమె తిరిగింది, మూలాయన తల ఎత్తి చూశాడు. అదే ఎత్తు, అదే చెంప, వెలుగు వెనకనుంచి పడుతోంది. చెయ్యి దూకింది, వేలు ఒక మెట్టు కింద పడింది. స్వరం అపశ్రుతి అయింది.

"అయ్యో, బంగారంలాంటి టేకు!" అన్నాడు రికార్డిస్టు. "మాస్టారూ, ఆవిణ్ని చూడకండి. మీరు తల దించుకుని తీగల వంకే చూసి వాయించండి, అప్పట్లాగే."

"సరే," అన్నాడు మూలాయన.

మళ్లీ మొదలైంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. దగ్గు వినపడింది. స్వరం ఖణేల్‌మని తేటగా పలికింది, దాన్నిబట్టి ఆమె తిరిగిందని అతనికి తెలిసింది. తల ఎత్తలేదు. రెండో చరణానికి ఆ గొంతు ఎప్పటిలాగే అర తాళం ఆలస్యంగా వచ్చింది, అంతదాకా అతను ఆగాడు.